ఆరు సబ్జెక్టుల మెమో నుంచి 26 క్రెడిట్ల డిప్లొమా దాకా: నా అనుభవం

2022 ఆగస్టు మొదటి వారం. మేం డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక ఊరికి వచ్చి అప్పటికి ఇరవై రోజులు. మా అమ్మాయి మే నెలలో హైదరాబాద్‌లో పదో తరగతి పరీక్షలు రాసింది. జూన్ ఆఖర్లో ఫలితాలొస్తే 9.7 జీపీఏ. ఉప్పల్‌లో మా వీధిలో అందరికీ స్వీట్లు పంచి మరీ విమానం ఎక్కాం. పది అయిపోయింది కాబట్టి ఇక్కడ పదకొండులో చేరుతుంది, రెండేళ్లలో పన్నెండు పూర్తవుతుంది, మన ఇంటర్ లాంటిదే కదా అనుకున్నాం. అందులో మాకు అనుమానమే రాలేదు.

హైస్కూల్లో పిల్లల కోర్సుల లెక్క చూసే కౌన్సెలర్ తన గదికి పిలిచారు. ఆవిడ కంప్యూటర్‌లో ఏదో చూసుకుని ఒక కాగితం ప్రింట్ తీసి మా ముందు పెట్టారు. పైన పిల్ల పేరు, పుట్టిన తేదీ. కింద ఇంగ్లిష్ 1, ఆల్జీబ్రా 1, బయాలజీ, వరల్డ్ జాగ్రఫీ, ఆ తర్వాత పేర్లు లేని రెండు ఎలక్టివ్‌లు, అంటే ఎంచుకుని చదివే సబ్జెక్టులు. పాసైన ఒక్కో కోర్సుకి ఒకటి చొప్పున మొత్తం 6 క్రెడిట్లు. డిప్లొమాకి, అంటే హైస్కూలు పూర్తి చేసినట్టిచ్చే సర్టిఫికెట్‌కి, 26 కావాలన్నారు. రోజుకి ఏడు పీరియడ్లు, అంటే ఏడాదికి ఏడు క్రెడిట్లు. మిగిలిన 20 పూర్తవ్వాలంటే మూడేళ్లు. అంటే మళ్ళీ పదో తరగతి.

గదిలో ఉన్నంతసేపూ పిల్ల నోరు మెదపలేదు. కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటూ, "అమ్మా, నేను పాసయ్యాను కదా?" అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. పాసైంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివి పాసైంది. ఆ కష్టమంతా నా కళ్ళ ముందే జరిగింది.

ఆ రోజు నుంచి 2024 మే వరకు ఈ క్రెడిట్ల లెక్కతోనే బతికాను. పిల్లల్ని హైస్కూలు వయసులో తీసుకొస్తున్న మనవాళ్ళు ఇవి ముందే తెలుసుకుంటే చాలా కష్టం తప్పుతుందని ఇంత వివరంగా రాస్తున్నాను. ఇది టెక్సస్ సంగతి. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క, అది గుర్తుంచుకోండి.

మన దగ్గర పదో తరగతి అంటే ఒక గుమ్మం. అన్ని సబ్జెక్టులూ పాసైతే దాటినట్టే, మెమో చేతికొస్తుంది, వెనక్కి చూడక్కర్లేదు. ఇక్కడ తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లనీ కలిపి ఒకే లెక్కగా చూస్తారు. ఒక కోర్సు ఏడాది పాటు చదివి పాసైతే ఒక క్రెడిట్, ఒక సెమిస్టరే అయితే అర క్రెడిట్. 70 వస్తే పాస్. 2013లో చేసిన హౌస్ బిల్ 5 అనే చట్టంతో ఇప్పటి పద్ధతి వచ్చింది. 2014-15లో తొమ్మిదో తరగతిలో చేరినవాళ్ళతో మొదలైంది. కనీస లెక్క 22: ఇంగ్లిష్ 4, మాథ్స్ 3, సైన్స్ 3, సోషల్ 3, ఇంగ్లిష్ కాని ఒక భాష 2, పీఈ అనే వ్యాయామ విద్య 1, ఫైన్ ఆర్ట్స్ 1, ఎలక్టివ్‌లు 5. దీని మీద ఎండార్స్‌మెంట్ అని ఒక బాట ఎంచుకుంటారు. దానికి ఇంకో మాథ్స్, ఇంకో సైన్స్, ఇంకో రెండు ఎలక్టివ్‌లు కలిపితే 26 అవుతుంది. ఇవి కాక అప్పుడు స్టార్ అనే రాష్ట్ర పరీక్షలు ఐదు: ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, యూఎస్ హిస్టరీ. వీటినే ఈఓసీ అంటారు, కోర్సు చివర రాసే పరీక్ష అన్నమాట.

ఇప్పుడు రెండు ముక్కల్లో చెప్పేశాను గానీ, ఆ వారం ఇది అర్థం చేసుకోవడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది.

అర్థమయ్యాక మొదటి ప్రశ్న: పది పాసైన పిల్లకి ఆరే ఎందుకిచ్చారు? జవాబు మేం తెచ్చిన కాగితాల్లోనే ఉంది. పాప తొమ్మిదో తరగతి చదివింది 2020-21లో. కరోనా ఏడాది. ఏడాదంతా ఫోన్‌లో, లాప్‌టాప్‌లో క్లాసులు. ఫిబ్రవరిలో బడులు తెరిచి మార్చిలో మళ్ళీ మూసేశారు. చివరికి ఒకటి నుంచి తొమ్మిది దాకా అందరినీ పరీక్షలు లేకుండానే పై తరగతికి పంపేశారు. మా ప్రోగ్రెస్ కార్డులో ఆ ఏడాది పేజీలో ఉన్నది ఒక్కటే మాట: ప్రమోటెడ్. మార్కులు లేవు, గ్రేడ్లు లేవు. ఇక్కడివాళ్ళ కంటికి ఆ ఏడాది చదువే లేదు. పదో తరగతి మెమోలో ఆరు సబ్జెక్టులు చూశారు, ఆరు క్రెడిట్లు ఇచ్చారు. ఆవిడ తప్పు చేశారని నేను అనను, కాగితంలో ఉన్నదే ఆవిడ లెక్కపెట్టారు. కాగితంలో లేనిది చూపించాల్సిన పని మాది.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడేళ్లు సోషల్ చెప్పాను. మా అమ్మాయి కూడా అదే స్కూల్లో చదివింది. ఆ రాత్రి హెచ్ఎం మేడంకి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. విషయం మొత్తం విని, "నువ్వు ఫికరు చేయకు, ఆ ఏడాది ఆన్‌లైన్ అటెండెన్స్, ఎఫ్ఏ మార్కులు మన కంప్యూటర్‌లో ఉన్నాయి. ఏం రాయాలో చెప్పు, రాసి పంపిస్తా" అన్నారు. ఎఫ్ఏ అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు. ఆ ఏడాది ఆన్‌లైన్‌లోనే పెట్టారు. ఆ మార్కులే మమ్మల్ని కాపాడాయి.

ఏం రాయాలో తేల్చుకోవడమే అసలు పని. టెక్సస్‌లో ప్రతి కోర్సుకీ పిల్లలకి ఏమేం రావాలో రాష్ట్రం ఒక పట్టిక పెట్టింది. దాన్ని టీక్స్ అంటారు, ఎవరైనా చూసుకోవచ్చు. వరల్డ్ హిస్టరీ, జామెట్రీ, ఐపీసీ అనే ఫిజిక్స్-కెమిస్ట్రీ కలిపిన కోర్సు, ఈ మూడింటి పట్టికలూ ప్రింట్ తీశాను. మా ఆయన మాకన్నా ముందొచ్చి ఇక్కడ ఒంటరిగా ఉన్నప్పుడు కొనుక్కున్న మడత బల్ల మీద అవి పరిచాను. నాతో పనిచేసిన మాథ్స్ టీచరూ సైన్స్ టీచరూ మన తొమ్మిది, పది పుస్తకాల విషయసూచిక పేజీలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఎడమ వైపు ఇక్కడి అంశం, కుడి వైపు మన పాఠం పేరు, పేజీ నంబర్లు. కలిసినదానికి ఆకుపచ్చ పెన్నుతో టిక్కు, కలవనిదానికి ఎర్ర పెన్నుతో చుక్క.

సోషల్ నాకు కంఠతా వచ్చు. 1300 నుంచి 1800 వరకు యూరప్‌లో మారిన సంస్కృతి, పారిశ్రామికీకరణ, లాటిన్ అమెరికాలో ఆసియాలో ఆఫ్రికాలో వలసపాలన, ఇవన్నీ తొమ్మిదిలో నేను ఏటా చెప్పిన పాఠాలే. రెండు ప్రపంచ యుద్ధాలూ వాటి మధ్య కాలమూ పదిలో ఉన్నాయి. టిక్కులు పెట్టుకుంటూ పోతుంటే ఎర్ర చుక్కలు పెద్దగా మిగల్లేదు. మాథ్స్‌లో సరూప త్రిభుజాలు, వృత్తానికి స్పర్శరేఖలు, నిరూపక జ్యామితి, త్రికోణమితి, క్షేత్రమితి, జామెట్రీలో అడిగేవి చాలావరకు ఇవే. మన పిల్లలు చదవక కాదు. మన దగ్గర వాటన్నిటికీ కలిపి గణితం అని ఒకే పేరు ఉంటుంది. ఇక్కడ ఆల్జీబ్రాకి ఒక ఏడాది, జామెట్రీకి ఒక ఏడాది విడిగా పేరు ఉంటుంది. పేరు కనపడకపోతే క్రెడిట్ రాదు.

హెచ్ఎం మేడం లెటర్‌హెడ్ మీద రెండు పేజీల ఉత్తరం ఇచ్చారు. ఏ సబ్జెక్టు వారానికి ఎన్ని పీరియడ్లు, పీరియడ్ ఎన్ని నిమిషాలు, ఏ పాఠ్యపుస్తకం, బోధనా మాధ్యమం ఇంగ్లిష్, 2020-21లో క్లాసులు ఎలా జరిగాయి, ఎఫ్ఏ మార్కులు, హాజరు. ఇక్కడ ఇంకో చిక్కొచ్చింది. మేం తెచ్చిచ్చే కాగితం తీసుకోరట, పాత స్కూలు నుంచి నేరుగా రావాలట. మా స్కూలుకి ఉన్నది మామూలు జీమెయిల్. దాన్ని అధికారిక మెయిల్ కాదన్నారు. చివరికి మేడం స్కూలు గుర్తింపు నంబరు, ప్రభుత్వం ప్రతి బడికీ ఇచ్చే యూడైస్ కోడ్ వేసి, స్టాంపు కొట్టి, కవరు అంటించి, అంటించిన చోట అడ్డంగా మళ్ళీ స్టాంపు వేసి స్కూలు పేరు మీదే కొరియర్ చేశారు. ఐదు రోజుల్లో చేరింది. ఈలోపు బడి మొదలైపోయింది, పాప పదో తరగతి టైంటేబుల్‌తోనే వెళ్తోంది.

రెండో మీటింగ్‌కి కౌన్సెలర్‌తో పాటు విదేశీ సర్టిఫికెట్లు చూసే ఒక పెద్దావిడ వచ్చారు. మాథ్స్, సైన్స్, సోషల్ పట్టికలు ఓపిగ్గా చూశారు. జామెట్రీ ఇచ్చారు. ఐపీసీ ఇచ్చారు. వరల్డ్ హిస్టరీ ఇచ్చారు. తర్వాత భాషల దగ్గర ఆగారు.

మన ఎస్సెస్సీ మెమోలో ఫస్ట్ లాంగ్వేజ్ తెలుగు, సెకండ్ లాంగ్వేజ్ హిందీ, థర్డ్ లాంగ్వేజ్ ఇంగ్లిష్ అని ఉంటుంది. మనకి అది అలవాటైన వరస, దానికి అర్థం వెతకం. ఆవిడ వెతికారు. ఇంగ్లిష్ మూడో భాష అయితే దాన్ని ఇక్కడి ఇంగ్లిష్‌తో ఎలా సమానం చేస్తామన్నారు. తెలుగు మొదటి భాష, అంటే ఇంట్లో మాట్లాడేది, దానికి భాష క్రెడిట్ ఎందుకన్నారు. నేను ప్రింట్ తీసుకెళ్ళిన నిబంధన చూపించాను. అందులో కావాల్సింది ఇంగ్లిష్ కాని భాష, ఒకే భాషలో రెండు క్రెడిట్లు. ఇంట్లో మాట్లాడే భాష కాకూడదని అందులో లేదు.

అప్పుడు మా అమ్మాయి బ్యాగులోంచి తన పదో తరగతి తెలుగు నోటు పుస్తకం తీసింది. సూట్‌కేసు సర్దేటప్పుడు 23 కేజీలు దాటుతోందని ఆ నోటు తీసేయమని నేనే రెండుసార్లు అన్నాను. తను వినలేదు. పోతన పద్యాలు, వాటి కింద నిలువుగా గీత గీసి ఎడమ పక్క పదం, కుడి పక్క అర్థం, ప్రతిపదార్థం మొత్తం నీలం ఇంకుతో. అంచుల్లో టీచరు ఎర్ర టిక్కులు, ఒకచోట ‘దస్తూరి బాగుంది’ అని. ఆవిడకి ఒక్క అక్షరం తెలియదు. అయినా పేజీ వెనక పేజీ తిప్పి చూశారు. ఇది ఎన్నేళ్ళ నుంచి నేర్చుకుంటున్నావని అడిగారు. ఒకటో తరగతి నుంచి అని పాప చెప్పింది. తెలుగుకి రెండు క్రెడిట్లు రాశారు. హిందీవి రెండూ ఎలక్టివ్‌లలోకి వెళ్ళాయి.

ఇంగ్లిష్‌లో మాత్రం ఒకటే ఇచ్చారు. బోధనా మాధ్యమం ఇంగ్లిషే అన్నా ఒప్పుకోలేదు. నేను కూడా ఇంక పట్టుబట్టలేదు. మొదట ఇచ్చినవాటితో కలిపి 12 అడిగితే 11 వచ్చాయి.

ఈ క్రెడిట్లు ఒప్పుకోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. టెక్సస్ ప్రభుత్వ బడిలో చేరకముందే ఒక కోర్సు పూర్తి చేసి, ఆ క్రెడిట్‌ని ఇక్కడి బడి ఒప్పుకుంటే, ఆ కోర్సు ఈఓసీ రాయక్కర్లేదు. అలా ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లిష్ 1 పరీక్షలు పోయాయి. మిగిలినవి ఇంగ్లిష్ 2, యూఎస్ హిస్టరీ.

ఇంటికొచ్చి లెక్క వేశాం. 26లో 11 పోతే 15. రెండేళ్లకి ఏడేసి చొప్పున 14. ఒక్కటి తక్కువ. ఆ ఒక్కటీ ఎక్కడ పెట్టాలన్నదే రెండేళ్ల టెన్షన్.

ఎండార్స్‌మెంట్ దగ్గర మా ఇంట్లో వాదన జరిగింది. ఐదు రకాలున్నాయి: స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మాథ్స్), బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ. మా ఆయన స్టెమ్ తప్ప వేరే మాట వినలేదు, మన ఇళ్ళల్లో మామూలే. కానీ స్టెమ్‌కి అదనంగా కోర్సుల వరస పూర్తి చేయాలి, మాకున్న రెండేళ్లలో చోటు లేదు. మల్టీడిసిప్లినరీలో ఒక దారి ఉంది: ఇంగ్లిష్, మాథ్స్, సైన్స్, సోషల్ నాలుగింటిలోనూ నాలుగేసి క్రెడిట్లు, అందులో ఇంగ్లిష్ 4, కెమిస్ట్రీ గానీ ఫిజిక్స్ గానీ ఉండాలి. మామూలుగా సోషల్ మూడే చాలు కాబట్టి పిల్లలు నాలుగోది విడిగా తీసుకోవాలి. మా అమ్మాయికి హైదరాబాద్ నుంచి జాగ్రఫీ ఒకటి, హిస్టరీ ఒకటి వచ్చేశాయి. ఇక్కడ యూఎస్ హిస్టరీ ఒకటి, గవర్నమెంట్-ఎకనామిక్స్ కలిపి ఒకటి. నాలుగు. నేను చెప్పిన సోషల్ పాఠాలే అక్కడ అక్కరకొచ్చాయి. కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్ అన్నీ ఉన్నాయి కాబట్టి ఇంజనీరింగ్‌కి వెళ్ళాలన్నా అడ్డం లేదని కౌన్సెలర్ చెప్పాక మా ఆయన మెత్తబడ్డారు. ఆల్జీబ్రా 2 ఉంటే డిస్టింగ్విష్‌డ్ లెవెల్ అనే గుర్తింపు కూడా వస్తుంది. టాప్ పది శాతంలో ఉన్నవాళ్ళకి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు ఇచ్చే పద్ధతికి ఆ గుర్తింపు అవసరం. మా పిల్లకి ఇండియా క్రెడిట్లు పాస్ అని మాత్రమే పడ్డాయి, జీపీఏలోకి రాలేదు. ర్యాంకు ఆశ మేం పెట్టుకోలేదు.

మొదటి ఏడాది టైంటేబుల్: ఇంగ్లిష్ 2, ఇంగ్లిష్ 3, ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, యూఎస్ హిస్టరీ, ఆర్ట్ 1, కంప్యూటర్ సైన్స్ 1. రెండు ఇంగ్లిష్‌లు ఒకే ఏడాదిలో. పొద్దున ఒక నవల, మధ్యాహ్నం ఇంకో నవల. మన దగ్గర ఇంగ్లిష్ అంటే పాఠం వెనక ప్రశ్నలు, గ్రామర్ బిట్లు. ఇక్కడ రచయిత ఈ మాట ఎందుకు వాడాడో రాయి, నీ అభిప్రాయానికి పేరాలోంచి ఆధారం చూపించు అంటారు. మొదటి ఆరు వారాల రిపోర్టులో ఇంగ్లిష్ 2లో 68 వచ్చింది. జీవితంలో మొదటిసారి పాస్ మార్కు కన్నా తక్కువ. ఆ రాత్రి తను అన్నం తినలేదు.

టీచరు మంచివాడు. బడి అయ్యాక వారానికి రెండు రోజులు ట్యుటోరియల్ ఉంటుంది, రమ్మన్నారు. డబ్బులేమీ లేవు. మన పిల్లలు సిగ్గుపడి వెళ్ళరు, ట్యుటోరియల్‌కి వెళ్తే చదువు రానివాళ్ళనుకుంటారని భయం. దయచేసి పంపండి. మా అమ్మాయి నవంబర్ నుంచి ఒక్క రోజు కూడా మానలేదు. సెమిస్టర్ చివరికి 81.

యూఎస్ హిస్టరీ కథ వేరు. హైస్కూల్లో చెప్పేది 1877 తర్వాతి చరిత్ర. అంతకు ముందుది టెక్సస్ పిల్లలు ఎనిమిదో తరగతిలోనే చదివేసి ఉంటారు. మా పిల్లకి ఆ ఎనిమిదో తరగతి లేదు. మొదటి వారమే టీచరు రీకన్‌స్ట్రక్షన్ (అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం) ముగిసింది అంటూ మొదలుపెట్టారు. ఏది ముగిసిందో, అసలు ఎప్పుడు మొదలైందో మా పిల్లకి తెలియదు. అంతర్యుద్ధం ఎందుకు జరిగిందో, బానిసత్వాన్ని రద్దు చేసిన సవరణ ఏదో తెలియకుండా ఆ తర్వాతి వందేళ్లు ఎలా అర్థమవుతాయి?

పబ్లిక్ లైబ్రరీ నుంచి ఎనిమిదో తరగతి స్థాయి పుస్తకాలు తెచ్చుకున్నాను. నేను భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఇచ్చే హెచ్4 వీసా మీద వచ్చాను, ఉద్యోగం లేదు, పగలంతా నాదే. తను బడికి వెళ్ళాక నేను చదివి, సాయంత్రం టీ పెట్టుకుని తనకి చెప్పేదాన్ని. 13, 14, 15 సవరణలు మూడూ వరసగా గోడ మీద అంటించాం: బానిసత్వం రద్దు, పౌరసత్వం, ఓటు హక్కు. మన దగ్గర రాజ్యాంగం పాఠం చెప్పేటప్పుడు ప్రాథమిక హక్కుల గురించి పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను గానీ, ఇంకో దేశం వాటి కోసం ఎంత నెత్తురు కార్చిందో నాకు అప్పుడే సరిగ్గా తెలిసింది. ఏడేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఆ ఏడాది మళ్ళీ విద్యార్థినయ్యాను. నా ఈ రెండేళ్లలో నాకు చాలా ఇష్టమైన భాగం అదే.

2023 వసంతంలో రెండు ఈఓసీలూ రాసింది. ఆ ఏడాదే పరీక్ష పద్ధతి మారింది, మొత్తం కంప్యూటర్ మీద, రాసే ప్రశ్నలు ఎక్కువ. ఇంగ్లిష్ 2లో చదివిన భాగం మీద వ్యాసం రాయాలి. టైపింగ్ నెమ్మది కాబట్టి డిసెంబర్ సెలవుల నుంచి రోజూ అరగంట టైపింగ్ చేయించాను. ఫలితాల్లో నాలుగు మెట్లుంటాయి. కింది నుంచి రెండోది, అప్రోచెస్, అది వచ్చినా డిప్లొమాకి చాలు. ఇంగ్లిష్ 2లో అది వచ్చింది. హిస్టరీలో అన్నిటికన్నా పైదైన మాస్టర్స్ వచ్చింది. తప్పినా మళ్ళీ జూన్‌లో, డిసెంబర్‌లో రాయొచ్చు. ఒకటి రెండు ఈఓసీల్లో ఎన్నిసార్లు రాసినా గట్టెక్కని పిల్లల కోసం బడిలో ఒక కమిటీ కూర్చుని వాళ్ళ మిగతా చదువు చూసి నిర్ణయించే వీలు కూడా ఉంది. కాబట్టి పరీక్ష పోతే డిప్లొమా పోయిందని పిల్లల్ని భయపెట్టకండి.

ఇక ఆ మిగిలిన ఒక్క క్రెడిట్. పీఈ మిగిలి ఉంది. మన దగ్గర పీఈటీ సార్ పీరియడ్ ఉన్నా మెమోలో దాని పేరే రాదు కాబట్టి ఇక్కడ సున్నా. దాన్ని వేసవి బడిలో పూర్తి చేయొచ్చని కౌన్సెలర్ చెప్పారు. సరిగ్గా అదే జూన్‌లో మా అమ్మకి మోకాలి ఆపరేషన్. టికెట్లు చూసుకున్నాం కూడా. వేసవి బడిలో ఒక్కో అర క్రెడిట్ మూడు వారాల్లో అయిపోతుంది, అంత చిన్న కోర్సులో రెండు రోజులు మానినా ప్రమాదమే. టెక్సస్‌లో క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే మార్కులొచ్చినా మామూలుగా క్రెడిట్ ఇవ్వరు. మామూలు ఏడాదిలో కూడా ఇది వర్తిస్తుంది. పెళ్ళిళ్ళకని పిల్లల్ని మూడు వారాలు ఇండియా తీసుకెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది.

నేను వెళ్ళలేదు. మా అన్నయ్య, వదిన చూసుకున్నారు. అమ్మ వీడియో కాల్‌లో, "పిల్ల చదువు కన్నా నా మోకాలు ఎక్కువా, నువ్వక్కడే ఉండు" అంది. ఆ మాట అనడానికి తనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. జూన్ మొత్తం పొద్దున ఏడున్నరకి పాపని జిమ్ దగ్గర దింపి, అక్కడే కారులో కూర్చుని అమ్మతో మాట్లాడేదాన్ని. పాప చెమటతో బయటికొచ్చి అమ్మమ్మ ఎలా ఉందని అడిగేది.

రెండో ఏడాదికి 19 క్రెడిట్లతో సీనియర్, అంటే పన్నెండో తరగతి, అయింది. ఇంగ్లిష్ 4, ప్రీకాల్క్యులస్, ఫిజిక్స్, గవర్నమెంట్-ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, సైకాలజీ-సోషియాలజీ, హెల్త్, ప్రొఫెషనల్ కమ్యూనికేషన్స్. ఆ ఏడాది పెద్ద ఇబ్బంది లేకుండా గడిచింది.

క్రెడిట్లు కాని చిన్న చిన్నవి మాత్రం వరస పెట్టి గుర్తు చేశారు. గుండె ఆగినవాళ్ళకి చేసే ప్రథమ చికిత్స సీపీఆర్ నేర్పినట్టు రికార్డు ఉండాలి. కారు నడిపేటప్పుడు పోలీసులు ఆపితే ఎలా నడుచుకోవాలో ఒక పాఠం, వీడియో ఉంటాయి, అది చూసినట్టు కూడా రికార్డు ఉండాలి. నలుగురి ముందు మాట్లాడే నైపుణ్యం చూపాలి, అందుకే ఆ ప్రొఫెషనల్ కమ్యూనికేషన్స్. మొదటి ప్రసంగం రోజు పాప చేతులు వణికాయట. మూడో ప్రసంగానికి అమ్మమ్మ ఆపరేషన్ గురించి మాట్లాడిందట, నాకు తర్వాత చెప్పింది. ఇంకొకటి, కాలేజీ ఆర్థిక సహాయం కోసం నింపే ఫాఫ్సా ఫారం కూడా అప్పుడు డిప్లొమాకి షరతే. హెచ్4 పిల్లలకి ఆ సహాయం వర్తించదు. అలాంటివాళ్ళు నింపడం లేదని తల్లిదండ్రులు సంతకం పెట్టి ఇచ్చే వేరే కాగితం ఉంది. మాకు అది తెలియక ఏప్రిల్‌లో పోర్టల్‌లో ఎర్రగా అసంపూర్తి అని కనపడేసరికి గుండె ఆగినంత పనైంది. ఐదు నిమిషాల్లో సంతకం పెడితే పచ్చగా మారింది.

ఇప్పుడు ఎవరైనా నాకు ఫోన్ చేసి పిల్లలతో వస్తున్నామంటే, టీసీ తీసుకునే రోజే మూడు కాగితాలు అడగమంటాను. సబ్జెక్టు వారీగా వారానికి పీరియడ్లు రాసిన లెటర్‌హెడ్ ఉత్తరం. ఎనిమిది నుంచి ప్రతి ఏడాది మార్కులు, స్టాంపుతో, అతికించిన కవరులో, రెండు సెట్లు. పాఠ్యపుస్తకాల విషయసూచిక. నోటు పుస్తకాలు బరువని పారేయొద్దని కూడా చెప్తాను. ఇక్కడికి వచ్చాక ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. ఇంగ్లిష్ అని రాసెయ్యండి, లేకపోతే పిల్లకి పరీక్ష పెడతారని మాకు కొందరు చెప్పారు. మేం తెలుగు అనే రాశాం. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం మీద ఒక పరీక్ష పెట్టారు, పాసైంది, అంతే. నిజం రాయడానికి భయపడక్కర్లేదు.

2024 మే చివర్లో గ్రాడ్యుయేషన్. స్టేడియం నిండా జనం. పేరు పిలిచినప్పుడు మనవాళ్ళ పేరు కాబట్టి కాస్త తడబడి పలికారు, అయినా మాకు వినపడింది. మా అమ్మ హైదరాబాద్‌లో తెల్లవారుజామున లేచి లైవ్‌లో చూసింది. స్టేజీ మీద చేతికిచ్చిన ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. ఆఖరి మార్కులు అన్నీ పడి, లెక్క మరోసారి సరిచూశాకే డిప్లొమా ఇస్తారట. మరుసటి మంగళవారం ఆఫీసు కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాం. లైబ్రరీ పుస్తకాలు, లాప్‌టాప్ తిరిగిచ్చారా అని అడిగి, ఇచ్చామని చూసుకుని, దళసరి కాగితం ఒకటి చేతిలో పెట్టారు. దాని మీద పిల్ల పేరు, బడి పేరు, తేదీ, సంతకాలు. క్రెడిట్ల ఊసే లేదు. కాలేజీకి పంపడానికి ట్రాన్స్‌క్రిప్ట్‌లు, అంటే కోర్సులూ క్రెడిట్లూ ఉండే పట్టికలు, రెండు కావాలని అడిగితే ప్రింట్ తీసి ఇచ్చారు. అవి కారులో పాపే చదివింది. పైనుంచి ఒక్కో వరసా వేలు పెట్టుకుంటూ వచ్చి తెలుగు 1, తెలుగు 2 దగ్గర ఆగి, ఆ పేజీ ఫోటో తీసి వాళ్ళ తెలుగు టీచరుకి పంపింది.